రాత్రి ఆగే చోటు కూడా రోడ్డులో భాగమే

అమెరికాలో మేముండే చోట, మా పక్క ఊరి సిటీ కౌన్సిల్ ముందుకు ఈమధ్య ఒక ఆర్డినెన్సు (ఆ ఊరికి వర్తించే చట్టం) ముసాయిదా వచ్చింది. ఊరి హద్దుల్లో ఏ దుకాణం పార్కింగు స్థలంలోనూ రాత్రిపూట ఎవరూ వాహనంలో పడుకోకూడదన్నది దాని సారాంశం. దుకాణంవాళ్లు అనుమతి ఇచ్చినా సరే, కుదరదట. ఆ ఆఖరి మాట చదివాక ఊరుకోలేక బహిరంగ విచారణకు వెళ్లి, చివరిదాకా కూర్చుని అందరి వాదనలూ విన్నాను. డబ్బు తీసుకుని ప్రయాణికుల్ని బండ్లతో సహా రాత్రిళ్లు ఉండనిచ్చే ఒక క్యాంప్‌గ్రౌండు యజమాని మాట్లాడాడు. ఆ పార్కింగు స్థలానికి వెనకవైపు ఇల్లున్న ఒక పెద్దావిడ మాట్లాడింది. పోలీసు శాఖ తరఫున ఒక అధికారి మాట్లాడాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చాలా మాటలు న్యాయంగానే ఉన్నాయి. అయినా ఈ ఆర్డినెన్సు తప్పనే నా అభిప్రాయం. ఎందుకో వివరంగా రాయాలనిపించింది.

అమెరికాలో ఆర్వీ, అంటే లోపలే పడుకునే, వండుకునే వీలున్న బండి, అద్దెకు తీసుకుని తిరిగిన తెలుగువాళ్లకు వాల్‌మార్ట్ దుకాణాల పార్కింగులో గడిపే రాత్రుల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ కంపెనీ విధానం చాలా ఏళ్లుగా ఒకటే. కరెంటు, నీళ్ల వసతి ఇవ్వలేం. ఆర్వీ ప్రయాణికులు మా మంచి ఖాతాదారులు కాబట్టి, చోటుంటే, స్థానిక చట్టం ఒప్పుకుంటే ఆగనిస్తాం. నిర్ణయం మాత్రం ఆయా దుకాణం మేనేజరుది. గొడవంతా ఆ ‘స్థానిక చట్టం’ దగ్గరే. మేనేజరు సరేనన్నా ఊరు కాదంటే అంతే సంగతులు. అలా కాదంటున్న ఊళ్లు, ముఖ్యంగా పెద్ద నగరాల అంచున, పర్యాటక ప్రాంతాల దగ్గర, పెరుగుతూ వస్తున్నాయి.

మామగారు బండి ఆపించిన రాత్రి

అత్తగారూ మామగారూ మా దగ్గరికి వచ్చినప్పుడు గ్రాండ్ కాన్యన్ చూపించాలని ఒక ఆర్వీ అద్దెకు తీసుకున్నాం. న్యూ మెక్సికోలో ఐ-40 హైవే మీద పడమటికి పోతుంటే సాయంత్రం నుంచి అడ్డగాలి మొదలైంది. ఆర్వీ అంటే చక్రాల మీద నిలబెట్టిన పెట్టె. గాలి పక్కనుంచి తోస్తుంటే స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకోవాలి. మేం బుక్ చేసుకున్న క్యాంప్‌గ్రౌండు ఇంకా రెండు గంటల దూరంలో ఉంది. దాని ఆఫీసు అప్పటికే మూసేశారు.

మామగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. విశాఖ ఏజెన్సీ రూట్లలో, ఘాట్ రోడ్ల మీద ఆయన సర్వీసు చాలావరకు గడిచింది. ముందు సీట్లో కూర్చుని చాలాసేపు ఏమీ అనకుండా కొడుకు చేతులనే చూస్తూ వచ్చారు. ఒకచోట బండి కొద్దిగా గీత దాటి మళ్లీ లోపలికి వచ్చింది. “ఒరే, ఇంక చాలు. ఎక్కడ దీపాలు కనిపిస్తే అక్కడ ఆపు” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. ఎదురు చెప్పే వీలు కూడా లేదు.

దీపాలు కనిపించింది ఒక పెద్ద దుకాణం దగ్గర. నేను లోపలికి వెళ్లి కస్టమర్ సర్వీసు కౌంటర్లో అడిగాను. నిజం చెప్పాలంటే, అడగకుండా ఆగే ధైర్యం మాలాంటివాళ్లకు ఉండదు. అర్ధరాత్రి ఎవరైనా వచ్చి కిటికీ మీద కొడితే, మా రంగునూ మా ఇంగ్లీషు యాసనూ చూసి వాళ్లు ఏమనుకుంటారోనన్న బెరుకు ఎప్పుడూ ఉంటుంది. కౌంటర్లో ఉన్నామె మేనేజరుకు ఫోను చేసి, గార్డెన్ సెంటర్ వైపు చివరి వరుసలో పెట్టుకోమంది. తెల్లవారుజామున ఊడ్చే బండి వస్తుందని, దానికి దారి వదలమని, ఏడింటికల్లా కదిలితే మంచిదని చెప్పింది. అత్తగారు మాత్రం “ఊరికే వాళ్ల చోట పడుకోవడం ఏం మర్యాద, ఏదైనా కొనండి” అని పట్టుబట్టి, పెరుగూ అరటిపళ్లూ తెప్పించారు. మామగారు బండి చుట్టూ తిరిగి ఒక్కో టైరునూ వేళ్లతో తట్టి చూశాకే లోపలికి వచ్చారు.

పడుకునే ముందు ఆయన నైట్ హాల్ట్ సర్వీసుల గురించి చెప్పారు. ఆఖరి బస్సు రాత్రికి ఏ చివరి పల్లెకో చేరుతుంది. డ్రైవరూ కండక్టరూ బస్సులోనే, లేకపోతే బడి వరండాలోనే పడుకుంటారు. తెల్లారితే అదే ఆ ఊరి మొదటి బస్సు. కొన్ని ఊళ్లలో ఎవరో ఒకరు చాపా, చెంబెడు మజ్జిగా పెట్టేవారట. కొన్ని ఊళ్లలో పలకరించేవాళ్లే ఉండేవారు కాదట. “మజ్జిగ ఇవ్వకపోయినా ఫరవాలేదమ్మా, పొమ్మనకుండా ఉంటే చాలు” అన్నారు. నైట్ హాల్ట్ ఎత్తేస్తే ఆ ఊరికి పొద్దుటి బస్సు కూడా పోయేదట. ఆ లెక్క నా మనసులో అలాగే ఉండిపోయింది.

నిద్ర గురించి ఎవరూ మాట్లాడలేదు

విచారణలో అంతసేపూ ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. అది నిద్ర. చెత్త గురించి, ఆస్తుల విలువ గురించి, భద్రత గురించి మాట్లాడారు. మూసుకుపోతున్న కళ్లతో స్టీరింగు పట్టుకున్నవాడిని పొమ్మంటే అతను ఎక్కడికి పోతాడన్నది ఎవరికీ తట్టలేదు. తిరిగి హైవే మీదికే పోతాడు. అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా ప్రకారం 2017లో ఈ దేశంలో పోలీసు రికార్డుల్లోకి ఎక్కిన ప్రమాదాల్లో 91,000 నిద్రమత్తులో ఉన్న డ్రైవర్లకు సంబంధించినవి. వాటిలో దాదాపు 800 మంది చనిపోయారు.

2014 జూన్‌లో న్యూ జెర్సీ టర్న్‌పైక్ మీద ఒక వాల్‌మార్ట్ ట్రక్కు, హాస్యనటుడు ట్రేసీ మోర్గన్ ప్రయాణిస్తున్న వ్యానును వెనకనుంచి గుద్దింది. మోర్గన్ తీవ్రంగా గాయపడ్డారు, ఆయన మిత్రుడు జేమ్స్ మెక్‌నెయిర్ చనిపోయారు. ట్రక్కు డ్రైవరు అప్పటికి 28 గంటలుగా నిద్రపోలేదని దర్యాప్తులో తేలింది. డ్యూటీ ఎక్కడానికి జార్జియాలోని ఇంటినుంచి డెలావేర్ దాకా రాత్రంతా సొంత బండి నడుపుకుంటూ వచ్చాడు. మధ్యలో ఎక్కడైనా ఒళ్లు వాల్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ మనిషి ఒంటికి ఒక హద్దుందనీ, ఏ డ్యూటీ చార్టూ దాన్ని మార్చలేదనీ ఆ దర్యాప్తు నివేదిక నిండా ఉంది.

ఇంకో పేరు జేసన్ రివెన్‌బర్గ్. న్యూ యార్క్ రాష్ట్రానికి చెందిన ట్రక్కు డ్రైవరు. 2009 మార్చిలో సౌత్ కెరొలైనాలో పాలు దించడానికి వేళకంటే ముందే చేరాడు. ముందుగా లోపలికి రానివ్వరు కాబట్టి ఒక మూతబడిన పెట్రోలు బంకులో బండి ఆపి పడుకున్నాడు. అక్కడే అతణ్ణి కాల్చి చంపారు. దొంగకు దొరికింది ఏడు డాలర్లు. అతని భార్య పోరాడిన మీదట 2012లో రహదారుల చట్టంలో ‘జేసన్స్ లా’ చేరింది. ట్రక్కులు ఆగే చోట్ల కొరతను లెక్కకట్టాలని, వాటికి నిధులు వాడుకోవచ్చని అది చెబుతుంది. ట్రక్కువాళ్ల అవసరమూ, సరదాగా తిరిగే ఆర్వీవాళ్ల అవసరమూ ఒకటి కాదని నాకు తెలుసు. ట్రక్కు డ్రైవరు 11 గంటలు నడిపాక చట్టప్రకారం 10 గంటలు ఆగి తీరాలి, మాకు అలాంటి నిర్బంధం లేదు. కానీ నిద్ర ఇద్దరికీ ఒకటే. పక్క లేన్లో పిల్లలతో పోతున్న కారుకు వచ్చే ప్రమాదమూ ఒకటే.

హైవే పక్క రెస్ట్ ఏరియాలు ఉన్నాయి కదా అని పోలీసు అధికారి అన్నాడు. ఉన్నాయి. టెక్సస్‌లో 24 గంటలు, ఆరెగన్‌లో 12 గంటలు, కాలిఫోర్నియాలో 8 గంటలు ఆగవచ్చు. ఫ్లోరిడాలో మామూలు ప్రయాణికులకు 3 గంటలే. మూడు గంటలు కునుకుకు సరిపోతాయి, నిద్రకు సరిపోవు. చీకటి పడ్డాక వెళ్లి చూస్తే చాలాచోట్ల ట్రక్కులు ర్యాంపుల మీద కూడా బారులు తీరి ఉంటాయి. మరోవైపు సూపర్‌సెంటర్ అనే పెద్ద వాల్‌మార్ట్ దుకాణం సంగతి చూడండి. దుకాణం సగటున 1,80,000 చదరపు అడుగులు ఉంటుంది. వెయ్యి చదరపు అడుగులకు నాలుగైదు కార్ల చొప్పున చోటు ఉండాలని చాలా ఊళ్లు తామే నిబంధన పెట్టాయి. అంటే ఏడు నుంచి తొమ్మిది వందల కార్ల స్థలం. థాంక్స్ గివింగ్, క్రిస్మస్ రద్దీ కోసం వేసిన ఆ తారునేల రాత్రి పదింటికి ఎంత ఖాళీగా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. అంత స్థలం పరవమని పట్టుబట్టిన ఊరే ఇప్పుడు అందులో ఓ మూల ఒక బండి తెల్లారేదాకా నిలబడకూడదంటోంది.

క్యాంప్‌గ్రౌండు యజమాని చెప్పిన మాట

ఆయన మాట నేను తేలిగ్గా తీసుకోలేదు. “నేను లైసెన్సు కడతాను, మురుగునీటి తనిఖీకి కడతాను, పన్ను కడతాను. నా దగ్గర రాత్రికి అరవై డాలర్లయ్యేది రోడ్డవతల ఉచితంగా ఇస్తుంటే నేనెలా బతకాలి?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. లక్షల డాలర్ల మోటార్ హోము (బస్సంత ఆర్వీ) కొని, దేశమంతా పార్కింగు స్థలాల్లోనే తిరుగుతూ ఒక్క డాలరు ఖర్చు కాలేదని గొప్పలు చెప్పుకునేవాళ్లు నాకు తారసపడ్డారు. వాళ్ల మీద నాకు గౌరవం లేదు.

కానీ మాకు ఆ రాత్రి కావలసింది ఆయన అమ్మే సరుకు కాదు. ఆయన అమ్మేది కరెంటు, నీళ్లు, స్నానాల గది, పిల్లలు ఆడుకునే చోటు, నిప్పు రాజేసుకునే గుండం. మాకు కావలసింది రాత్రి పదింటి తర్వాత వచ్చి, తెల్లారి ఏడింటికల్లా పోయేంతవరకు కదలకుండా నిలబడే చోటు. వేసవిలో క్యాంప్‌గ్రౌండ్లు నెలల ముందే నిండిపోతాయి, వేళ మించాక వచ్చినవాణ్ణి లోపలికి రానివ్వరు. కాన్యన్ చూసిన రెండు రాత్రులూ మేం డబ్బు కట్టి క్యాంప్‌గ్రౌండులోనే ఉన్నాం. స్నానం చేయాలిగా, బండిలోని మురుగు ట్యాంకులు ఖాళీ చేయాలిగా! దారిలో క్షేమంగా ఒక రాత్రి ఆగగలిగితేనే మనిషి మర్నాడు ఆయన గేటు దాకా చేరతాడు. ఆయన వ్యాపారానికి పార్కింగు స్థలం ఎంత నష్టం చేస్తుందో నేను కొలవలేను. ఆ నష్టాన్ని ఆపడానికి ఊరంతటికీ వర్తించే నిషేధం పెట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు.

చెత్త ఎవరు ఎత్తాలి

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఈ వాదనే. పార్కింగు స్థలం వెనక ఇల్లున్న పెద్దావిడ కొన్ని ఫోటోలు పట్టుకొచ్చింది. పొదల కింద సంచులు, కాగితాలు, సీసాలు. ఆమె కల్పించినవి కావు. అలాంటివి నేను దగ్గరనుంచి చూశాను.

ఇంకో ప్రయాణంలో, మరో రాష్ట్రంలో, మాకు రెండు వరుసల అవతల ఒక పెద్ద మోటార్ హోము ఆగింది. రాగానే బండి లోపలికి ముడిచి ఉన్న గదుల్ని రెండు పక్కలా బయటికి జరిపారు. తర్వాత పందిరి పరిచారు, కుర్చీలు వేశారు, గ్రిల్లు వెలిగించారు. జనరేటరు అర్ధరాత్రి దాటాక కూడా మోగుతూనే ఉంది. పొద్దున్నే వాళ్లు వెళ్లిపోయాక బండి నిలిచిన చోట గిన్నెలు కడిగిన నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. నూనె తెట్టు, అందులో నూడుల్స్ ముక్కలు. బండి కదలకుండా నిలిపే జాకీలు దిగిన నాలుగు చోట్లా తారు గుంటలు పడింది. షాపింగు బళ్లు పోగుచేసే కుర్రవాడు బకెట్టుతో నీళ్లు తెచ్చి పోసి, చీపురుతో తోస్తున్నాడు. మావారు వెళ్లి ఇంకో చీపురు అడిగితే వద్దన్నాడు. వాళ్లు పోతారు కానీ వాసన రోజంతా తనకే ఉంటుందని, ఇలాంటివి వారానికి కొన్ని తప్పవని చెప్పాడు. మేనేజరు అనుమతిస్తే, ఆర్వీవాడు అనుభవిస్తే, తుడిచే పని గంట జీతానికి పనిచేసే కుర్రవాడిది. దీనికి నా దగ్గర గొప్ప సమాధానం లేదు.

ఉన్న సమాధానం పాతదే. ఎస్కేపీస్ లాంటి ఆర్వీ సంఘాలు ఏళ్లనుంచి చెబుతున్న మర్యాదలున్నాయి. ఒక్క రాత్రే ఉండాలి, అడిగి ఆగాలి, పందిరి, కుర్చీలు, గ్రిల్లు తీయకూడదు, తారు మీద జాకీలు దించకూడదు, వచ్చినప్పటికంటే శుభ్రంగా వదిలి పోవాలి, వీలైతే ఏదైనా కొనాలి. పాటించేవాళ్లు ఎవరి కంటా పడకుండా వెళ్లిపోతారు. పాటించనివాళ్లే ఫోటోల్లోకి ఎక్కుతారు. ఈ మర్యాదల్నే ఆర్డినెన్సులో నియమాలుగా రాసి, తప్పినవాడికి జరిమానా వేయమంటాను. మురుగు వదిలినవాడికి గట్టిగా వేయమంటాను. అది చెత్త వేసినవాణ్ణి శిక్షించడం అవుతుంది. కౌన్సిల్ ముందున్న ముసాయిదా నిద్రపోయినవాణ్ణి శిక్షిస్తుంది.

మరుగుదొడ్డి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 2020 మార్చికి ముందు వాల్‌మార్ట్ దుకాణాలు చాలావరకు రాత్రంతా తెరిచే ఉండేవి. కోవిడ్ సమయంలో వేళలు కుదించారు, మళ్లీ 24 గంటలకు మార్చలేదు. ఇప్పుడు రాత్రి పదకొండుకు తలుపులు మూస్తారు. లోపల మరుగుదొడ్డి ఉన్న ఆర్వీకి ఇబ్బంది లేదు. కారులోనో మామూలు వ్యానులోనో పడుకున్నవాడికి ఉంది. పొదల కింద ఉన్నవాటిలో కొంత భాగానికి కారణం ఆ మూసిన తలుపేనని నా అనుమానం.

వాళ్లు వేరు, మేం వేరు

విచారణలో ఆర్వీవాళ్ల తరఫున మాట్లాడిన ఒకాయన అన్న మాట నాకు అస్సలు నచ్చలేదు. “మేం ప్రయాణికులం, ఇల్లు లేనివాళ్లం కాదు. మమ్మల్ని వాళ్లతో కలపకండి” అన్నాడు. సభలో చాలా తలలు ఊగాయి. నిషేధం వెనకున్న అసలు భయం అదేనని అందరికీ తెలుసు. 2015 మార్చిలో అరిజోనాలోని కాటన్‌వుడ్‌లో, వాల్‌మార్ట్ పార్కింగు స్థలంలో వాహనంలో ఉంటున్న ఒక కుటుంబానికీ పోలీసులకూ ఘర్షణ జరిగి, ఒకరు చనిపోయారు, ఒక అధికారికి తూటా గాయమైంది. అలాంటిది ఒక్కటి జరిగినా ఊళ్లు ఏళ్ల తరబడి మరిచిపోవు. 2024 జూన్‌లో ఆరెగన్‌లోని గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు 6–3 తేడాతో ఇచ్చిన తీర్పు కూడా ఊళ్లకు ధైర్యమిచ్చింది. బహిరంగ స్థలాల్లో పడుకున్నవారిపై జరిమానాలు వేయడం రాజ్యాంగం నిషేధించిన క్రూర శిక్ష కిందికి రాదని కోర్టు చెప్పింది. దుకాణం పార్కింగు బహిరంగ స్థలం కాదు, సొంత స్థలం. అయినా గాలి మాత్రం అటే వీస్తోంది.

ఆ జనరేటరు రాత్రి తెల్లవారాక మాకు దగ్గరలో ఒక పాత మినీవ్యాను వచ్చి ఆగింది. అందులోంచి దిగిన మనిషి ఒంటి మీద ఆ దుకాణం సిబ్బంది వేసుకునే వెస్టు ఉంది. రాత్రి షిఫ్టులో అరలు సర్దే పని. వెస్టు విప్పి మడతపెట్టి, అద్దాలకు అట్టలు పెట్టి వ్యాను వెనక సీట్లో పడుకున్నాడు. మేం లేచి టీ పెట్టుకుంటున్న వేళకు అతనికి రాత్రి మొదలైంది. అతనికి ఇల్లుందో లేదో నేను అడగలేదు. పక్క ఊరి ఆర్డినెన్సు అక్కడ ఉన్నా అతణ్ణి పట్టుకోలేదు, ఎందుకంటే అది రాత్రి నిద్రనే నిషేధిస్తుంది. పెద్ద మోటార్ హోములో నానా హంగామా చేసినవాళ్లు ‘ప్రయాణికులు’, చప్పుడు లేకుండా పడుకున్న ఇతను ‘వాళ్లు’. ఇలాంటి విభజనతో నా వాదన గెలవాలని నాకు లేదు.

అయితే ఒక తేడా ఉందని ఒప్పుకోవాలి. ఒక రాత్రి ఆగడం వేరు, అక్కడే బతకడం వేరు. రెండోదాన్ని దుకాణం మేనేజరు నెత్తిన పెట్టడం అన్యాయం. ఆ మనిషికి మరుగుదొడ్డి కావాలి, స్నానం కావాలి, ఒక చిరునామా కావాలి. అవి ఇవ్వాల్సింది దుకాణం కాదు, ఊరు. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో 2004 నుంచి ఒక సంస్థ చర్చిలు, కార్యాలయాల పార్కింగు స్థలాల్లో రాత్రిపూట కొన్ని వాహనాలను అనుమతితో పడుకోనిస్తూ, వాళ్లకు ఇళ్లు వెతికిపెట్టే పని చేస్తోంది. ఆ పద్ధతి తర్వాత చాలా ఊళ్లకు పాకింది. అటువంటిది ఒకటి పెట్టాక, దుకాణాల దగ్గర ఒక్క రాత్రి హద్దును కచ్చితంగా అమలు చేస్తామంటే నేను వ్యతిరేకించను. అది పెట్టకుండా నిషేధం మాత్రం పెడితే ఆ మినీవ్యాను ఏ ఇళ్ల వీధిలోకో పోతుంది. అప్పుడు ఫోటోలు తెచ్చిన పెద్దావిడకు బదులు ఇంకో పెద్దావిడ వస్తుంది, అంతే.

కౌన్సిల్‌కు రాతపూర్వకంగా పంపిన అభ్యంతరంలో నేను కోరింది పెద్దదేమీ కాదు. దుకాణం ఒప్పుకుంటే ఒక వాహనాన్ని ఒక రాత్రి ఉండనివ్వండి. మర్యాదలను నియమాలుగా రాసి బోర్డు మీద పెట్టండి, తప్పితే జరిమానా వేయండి. పార్కింగు అంచున తాత్కాలిక మరుగుదొడ్డి ఒకటి పెట్టించండి. ఊరి చివర ఆర్వీల మురుగు ట్యాంకులు ఖాళీ చేసుకునే డంప్ స్టేషను ఒకటి కట్టి దానికి డబ్బు తీసుకోండి. సౌత్ డకోటా, అయోవా, కాన్సస్‌లలో చిన్న చిన్న ఊళ్లు మునిసిపల్ పార్కులోనే ఆర్వీలకు ఉచితంగానో నాలుగు డాలర్లకో చోటిచ్చి, పక్కనే నీళ్ల కుళాయి, డంప్ స్టేషను పెట్టుకున్నాయి. ఆ ఊళ్లలో ఆగిన ప్రతిసారీ మేం పొద్దున్నే అక్కడే టిఫిన్ తిని, పెట్రోలు పోయించుకుని, మందుల దుకాణంలో మామగారి బీపీ మిషనుకు బ్యాటరీలు కొనుక్కుని బయలుదేరాం.